చిన్నోడు పడుకున్నాడు

చదరంగం పెట్టె కంగారు గొంతుతో మాట్లాడుతుంది.

కంగారు అంటే ఆ ఇంటి కోడలు. పెళ్ళైన కొత్తలో, పొయ్యి కట్టేశానో లేదో అని సగం దారిలోంచి ఇంటికి పరిగెత్తిన రోజున మొగుడు పెట్టిన పేరది. కూతురు బుడ్డి పుట్టాక ఆ పేరుకి ఇంకో అర్థం కూడా కలిసొచ్చింది. "పిల్లని పొట్టకి కరిపించుకుని తిరిగే జంతువు పేరు కూడా అదే కదే" అన్నాడు. ఆమెకి కోపమేమీ రాలేదు, ఉన్నమాటే కాబట్టి. పిల్ల తుమ్మితే జలుబేమో అని బెంగ, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమో అని బెంగ.

ఆ పెట్టె తయారయ్యేది వాళ్ళ ఇంటి ముందుగదిలోనే. చూడటానికి మామూలు చదరంగం బల్లలాగే ఉంటుంది, మందం కాస్త ఎక్కువ. మనం పావు జరిపితే దానికి తెలిసిపోతుంది. తను ఏ పావుని ఎక్కడికి జరపాలనుకుంటోందో గడుల కింద చిన్న లైట్లు వెలిగించి చూపిస్తుంది. పాపం చేతులు లేవు కాబట్టి దాని పావు కూడా మనమే జరిపిపెట్టాలి. అది అయ్యాక "మీ ఎత్తు" అంటుంది.

ఆ రెండు మాటల కోసం ఇంట్లో అందరి గొంతులూ రికార్డు చేసి చూశారు. అత్తగారు అంటే పెట్టె తిడుతున్నట్టుంది. మొగుడు అంటే రైలు ఆలస్యంగా వస్తుందని చెబుతున్నట్టుంది. మామగారికి సరిగ్గా ఆ టైముకే దగ్గొచ్చింది. చివరికి పిల్లని చంకనేసుకుని అటుగా పోతున్న కంగారుని పట్టుకుని కూర్చోబెట్టారు.

"నావల్ల కాదు మామయ్యా. బడి మధ్యలో మానేసినదాన్ని. నా మాట ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో వినబడితే ఏం బాగుంటుంది?"

"పరీక్షేం కాదమ్మా. బుడ్డితో అన్నట్టు అను చాలు."

బుడ్డితో అన్నట్టే అంది. ఆ మాట పెట్టెలో ఉండిపోయింది.

చిక్కు అక్కడే వచ్చింది. అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న బుడ్డికి నోరు తిరిగిన కాసిని మాటల్లో "ఎత్తు" ఒకటి. దానికి తెలిసిన అర్థం ఒక్కటే. పెట్టెలోంచి అమ్మ గొంతు "మీ ఎత్తు" అనగానే ఎక్కడున్నా తప్పటడుగులేసుకుంటూ వచ్చి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ ముందు నిలబడి, రెండు చేతులూ పైకి చాచేది. ఎత్తుకోవాల్సిందే, మొండికేస్తే మామూలుగా ఉండదు. అందుకని ఆ ఇంట్లో పెట్టెని పరీక్ష చేసేవాళ్ళంతా ఒక చేత్తో పిల్లని మోస్తూ రెండో చేత్తో ఆడటం అలవాటు చేసుకున్నారు.

పెట్టె పుట్టింది మామగారి బుర్రలో. ఆయన రేడియోలూ గడియారాలూ బాగుచేస్తూ వయసంతా గడిపిన మనిషి. చదరంగమంటే ప్రాణం, గుర్రాలంటే మరీను. గుర్రాన్ని కాపాడుకోవడానికి మంత్రిని వదులుకునే రకం. ఎవరూ ఆయనతో ఆడటానికి రాకపోతే, తనలాగే ఆడే ఒక చిన్న యంత్రం చేసుకున్నారు. నల్లటిది, అగ్గిపెట్టెకి కాస్త పెద్ద, మొహాన ఒక ఎర్ర చుక్క. పెట్టె పక్కనున్న అరలో దాన్ని తోస్తేనే పెట్టెకి ఆలోచన వస్తుంది. తీసేస్తే లైట్లూ గొంతూ పనిచేస్తాయి గానీ సొంతంగా ఎత్తు వెయ్యదు. దానికి ఆయన పెట్టుకున్న పేరు చిన్నోడు. రోజూ సాయంత్రం పని కట్టేశాక దాన్ని బయటికి తీసి, దూది పరిచిన డబ్బాలో పెట్టి, బుడ్డి వైపు చూసి నోటి మీద వేలేసుకునేవారు.

"ష్... చిన్నోడు పడుకున్నాడు."

"నాకు ఇద్దరు మనవలమ్మా" అనేది అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళతో. "ఒకత్తి పాలు తాగనని ఏడుస్తుంది. ఒకడు కరెంటు తాగి ఓడిపోతాడు."

ఆ చిన్నోడి చుట్టూ మిగతా పెట్టెనంతా కట్టింది కొడుకు. లైట్లు, తీగలు, ఫోనుకి కలిపే ఏర్పాటు అన్నీ అతనివే. పావుల అడుగున అయస్కాంతాలు కూర్చి, మెత్తటి గుడ్డ అతికించడం కంగారు పని. ఆ అయస్కాంతాలంటే ఆమెకి హడలు. ఒక్కటి కింద పడినా చాప దులిపి, చీపురు పట్టి, అది దొరికేదాకా ఇంట్లో ఎవర్నీ అడుగు తీసి అడుగు వెయ్యనిచ్చేది కాదు.

ఇంతా చేసి, పెట్టెలు అమ్ముడుపోవడం లేదు. తయారైనవి ముందుగదిలో గోడకి ఆనించి పేర్చి ఉన్నాయి. బజార్లో ఆటవస్తువుల దుకాణం పెట్టుకున్న బాబాయ్, అంటే మామగారికి తమ్ముడి వరసాయన, ఒకటి తీసుకెళ్ళి అద్దాల బీరువాలో పెట్టాడు. కొన్నాళ్ళకి అదే తిరిగొచ్చింది, దుమ్ముతో సహా.

"అన్నయ్యా, నీ మీద గౌరవం కొద్దీ చెబుతున్నా. ఫోన్లో ఊరికే దొరికేదానికి ఇంత చెక్కపెట్టె ఎవడు కొంటాడు? ఫోన్లోది ప్రపంచంలో అందర్నీ ఓడిస్తుంది. నీ చిన్నోడు మా దుకాణంలో లెక్కలు చూసే అబ్బాయి చేతిలో ఓడిపోయాడు."

"ఆ అబ్బాయి రెండోసారి ఆడతానన్నాడా లేదా?"

"అన్నాడు. అందుకే పని చెడిందని తిరిగి తెచ్చా."

మామగారు నవ్వారు. బాబాయ్ నవ్వలేదు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "ఒక మాట చెప్పనా? జనం ఇప్పుడు ఫోన్లో ఆ పెద్ద చదరంగం సైటులోనే ఆడుతున్నారు. ఈ బల్ల మీద పావు జరిపితే ఆ సైటులో ఎక్కడో ఉన్నవాడికి కనబడాలి. వాడు జరిపింది ఇక్కడ లైటు వెలగాలి. మా సైటుతో పనిచేస్తుంది అని వాళ్ళు ఒప్పుకుని అట్ట మీద వాళ్ళ ముద్ర వెయ్యనిస్తే, నేను గోడకున్నవన్నీ పట్టుకుపోతా. ఇంకా చెయ్యమంటా. ప్లాట్‌ఫారం సపోర్టు అంటారు దాన్ని. అది లేకపోతే నేనే కాదు, ఎవరూ ముట్టుకోరు."

"ప్లాట్‌ఫారమేంటయ్యా, స్టేషన్లో పెట్టి అమ్మాలా?" అంది అత్తగారు లోపల్నించి.

ఆ రోజు నుంచీ ఇంట్లో అదే మాటైపోయింది. "ఏరా, రైలు ఆగేట్టుందా?" అని ఆవిడ అడగడం, "ఇంకా సిగ్నలు రాలేదమ్మా" అని కొడుకు అనడం.

కంగారుకి మాత్రం ఆ నవ్వులాటలో నవ్వు రాలేదు. ఆమెకి తెలిసిన సంగతి మామగారికి తెలీదు. ఫోను చార్జర్లు చేసే ఒక కంపెనీ వాళ్ళు మొగుణ్ణి వేరే ఊరికి ఉద్యోగానికి పిలుస్తున్నారు. "సైటు వాళ్ళు కాదంటే ఇంక వెళ్ళక తప్పదే. ముందుగది ఖాళీ చేసి ఎవరికైనా ఇచ్చేద్దాం. నాన్నకి ఎలా చెప్పాలో నువ్వే ఆలోచించు" అన్నాడు. ఆమె ఆలోచించింది. పొద్దున్నే లేచి, స్నానం చేసి, జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ముందుగదిలోకి నడిచే మామగారు, ఆ గది లేకపోతే ఎక్కడికి నడుస్తారు? ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేది ఆమె ఆలోచన.

సైటు వాళ్ళు కాదనలేదు, అలాగని సరేననలేదు. మా మనిషి, ఒకావిడ, వచ్చి చూస్తారన్నారు. వాళ్ళ అనుమానమల్లా ఒక్కటే. పెట్టె లోపల ఆలోచించే యంత్రం ఉందంటున్నారు కదా, సైటులో మనిషితో ఆడేటప్పుడు అది చాటుగా ఎత్తులు చెప్పదని ఏమిటి నమ్మకం?

"అది చెప్పే ఎత్తులు వింటే ఉన్న ఆట కూడా పోతుంది" అంది అత్తగారు.

"అలా అంటే ఒప్పుకోరమ్మా. సైటుకి కలిపినప్పుడు చిన్నోడు తనంతట తానే ఊరుకునేలా చేశాను. వాణ్ణి లోపలే టంకం వేసి అతికించేస్తాను. చూడటానికి నీటుగా ఉంటుంది, అర ఉండదు, ఊడేది ఉండదు."

"అతికించకురా" అన్నారు మామగారు.

"పోనీ తీసి పారేద్దామా? ఉత్త బల్లగా అమ్మితే ఏ గొడవా ఉండదు."

మామగారు చేతిలో ఉన్న గుర్రాన్ని కిందపెట్టారు. "బుర్ర తీసేస్తే దాన్ని పీట అంటార్రా. పీటలు చెయ్యడానికి వడ్రంగులున్నారు, మనమెందుకు?" ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ వచ్చి వెళ్ళాక అతికిద్దువుగానిలే" అన్నారు. ఇంకో రోజు దక్కితే చాలన్నట్టుంది ఆ మాట. కంగారు తల తిప్పుకుని పావులకి గుడ్డ అతికించుకుంది.

సైటావిడ పొద్దున పూట వచ్చింది. పొడుగ్గా, భుజాన పెద్ద సంచీతో, తక్కువ మాట్లాడే మనిషి. కుర్చీలో కూర్చుంటూనే చెప్పింది. "ఏమీ అనుకోకండి. మా వాళ్ళకి నేను కళ్ళతో చూసిందే రాస్తాను. మీరు ఎంత బాగా చెప్పినా, చూడనిది రాయను."

"తప్పకుండా మేడం" అన్నాడు మొగుడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, మెడ దగ్గర అట్ట తియ్యడం మర్చిపోయాడు. కంగారుకి అది కనబడుతోంది గానీ ఎలా చెప్పాలో తోచలేదు.

"ముందు మా చిన్నోడితో ఒక ఆట ఆడండి" అన్నారు మామగారు.

ఆవిడ బంటు జరిపింది. పెట్టె ఏమీ అనలేదు.

"ఆలోచిస్తున్నాడు" అన్నారు మామగారు.

ఇంకాసేపు చూశారు. ఏ లైటూ వెలగలేదు.

"బాగా ఆలోచిస్తున్నాడు" అంది అత్తగారు.

మొగుడు పెట్టెని ఒక పక్కకి ఒరిగించి చూశాడు. అర నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది.

"నాన్నా, చిన్నోడేడి?"

"అందులోనే ఉన్నాడు కదరా. పొద్దున నేనే పెట్టాను."

"లేడు."

కంగారు పరిగెత్తి, గుమ్మం దగ్గర బొమ్మతో ఆడుకుంటున్న బుడ్డిని పట్టుకుని నోట్లో వేలు పెట్టి వెతికింది. బుడ్డి అదేదో కొత్త ఆటనుకుని కిలకిలా నవ్వుతూ వేలు కొరికింది.

"అగ్గిపెట్టె కంటే పెద్దదే, అది ఎలా మింగుతుంది?" అని అత్తగారు చెవి దగ్గర చెప్పింది.

"విరిచి మింగితే అత్తయ్యా?"

"విరవడానికి మీ ఆయనకే చేతకాదు!"

అయినా పిల్ల పొట్ట తడిమింది, ఒకసారి కాదు, రెండుసార్లు. బల్ల కింద చూశారు, సోఫా గుడ్డ ఎత్తి చూశారు, దూది డబ్బా బోర్లించారు. గోడకున్న పెట్టెల్లోని చిన్నోళ్ళు పాతవాళ్ళు, సైటుకి కలిపితే ఊరుకోవడం నేర్చింది ఈ ఒక్కడే. సైటావిడ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, వెతుక్కోవడానికి వీలుగా. కంగారు మొగుడి మొహం చూసింది. చార్జర్ల కంపెనీకి ఒప్పుకున్నట్టే ఉంది ఆ మొహం.

"మేడం, మీ టైము పాడుచెయ్యను. చిన్నోడు సంగతి ఎలాగున్నా, సైటు భాగం చూడండి" అన్నాడు చివరికి.

ఫోనుతో పెట్టెని కలిపాడు. సైటావిడ తమ ఆఫీసులో ఉన్న ఒక కుర్రవాడికి ఫోన్ చేసి సైటులో ఆటకి కూర్చోమంది. ఇక్కడ ఆవిడ బంటు జరిపింది. క్షణం గడిచిందో లేదో, అవతల అతను జరిపిన గడి కింద ఇక్కడ పచ్చలైటు వెలిగింది. ఆవిడ అతని పావుని తీసి ఆ గడిలో పెట్టింది. పెట్టె కంగారు గొంతుతో, మెల్లగా, "మీ ఎత్తు" అంది.

ఆవిడ ఇంకో ఎత్తు వేసింది. పావుని పెట్టి, వెంటనే వదలకుండా, గుర్రం మెడ మీద బొటనవేలితో రాసింది. "చాన్నాళ్ళయిందండీ పావు చేత్తో పట్టుకుని" అంది. "ఫోన్లో ఆడుతుంటే మధ్యలో ఎవరిదో ఫోటో వస్తుంది, కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ఇక్కడ ఆటే ఉంది."

మామగారి మొహం వెలిగింది. కానీ ఆవిడ మళ్ళీ వెనక్కి జరిగి కూర్చుంది.

"బల్ల చాలా బాగుంది. దాంట్లో మాటే లేదు. కానీ మీ యంత్రం సంగతి తేలలేదు కదా. సైటుకి కలపగానే ఊరుకుంటుంది అంటున్నారు. ఊరుకుందని నాకెలా తెలియాలి? అవతల ఆడేవాళ్ళకెలా తెలియాలి? మీ మాట మీద నమ్మాలి. అవతల ఎవరో తెలియనివాళ్ళు, వాళ్ళెందుకు నమ్ముతారు?"

అదిగో, సరిగ్గా అప్పుడే అవతల కుర్రవాడు ఎత్తు వేశాడు. సైటావిడ అలవాటుగా పావు జరిపిపెట్టింది.

"మీ ఎత్తు" అంది పెట్టె.

బుడ్డి బొమ్మని వదిలేసి లేచింది. తప్పటడుగులేసుకుంటూ వచ్చి, అందరినీ దాటుకుని, సైటావిడ మోకాళ్ళ ముందు నిలబడి రెండు చేతులూ పైకి చాచింది.

"అయ్యో, ఏమనుకోకండి మేడం!" కంగారు ముందుకొచ్చింది. "అది... పెట్టె 'ఎత్తు' అంటే ఎత్తుకోమంటుంది. నా గొంతు కదండీ. దాని చెవికి అంతే అర్థమవుతుంది."

సైటావిడకి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక, ఆ మనిషి అప్పటిదాకా దాచుకున్న నవ్వంతా ఒక్కసారే బయటపడింది. "అయితే తప్పేదేముంది, నా ఎత్తే కదా" అని వంగి పిల్లని ఎత్తుకుంది.

ఎత్తుకున్నాక బుడ్డి ఊరుకుంటుందా? గుర్రమెక్కినట్టు కూర్చుని, చెయ్యి చాచి లోపలిగది వైపు చూపించింది. "జో" అంది. ఆవిడ కదలకపోయేసరికి నడుం విరిచి అటు వాలింది. "చిన్నో... జో!"

కంగారుకీ మామగారికీ ఒక్కసారే వెలిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందరూ లోపలిగదికి వెళ్ళారు. కిటికీ పక్కన బుడ్డి ఊయల. అందులో దాని దిండు మీద, దాని పసుపుపచ్చ దుప్పటి కప్పుకుని, ఎర్ర చుక్క ఒక్కటీ బయటికి కనబడేలా చిన్నోడు పడుకుని ఉన్నాడు. ఎండ కళ్ళలో పడకుండా పక్కన చేతిరుమాలు కూడా అడ్డంపెట్టి ఉంది, రోజూ కంగారు పెడుతుందే, అలాగే.

బుడ్డి నోటి మీద వేలేసుకుంది. "ష్..."

ఎవరూ గట్టిగా నవ్వలేకపోయారు. మామగారు తల గోక్కున్నారు. "తప్పు నాదే. పొద్దున పెట్టె ముట్టుకోబోతుంటే, వద్దమ్మా, చిన్నోడు పడుకున్నాడు అన్నాను. పడుకున్నవాడు పెట్టెలో ఎందుకుంటాడు అనుకుంది కాబోలు."

సైటావిడ పిల్లని ఎత్తుకునే ఊయల మీదికి వంగి చూసింది. తర్వాత నెమ్మదిగా, గుసగుసగానే అడిగింది. "ఇంతసేపూ ఇతను ఇక్కడే ఉన్నాడా? నేను అక్కడ ఆడుతున్నంతసేపూ?"

"అవునండీ" అన్నాడు మొగుడు.

"అంటే నేనాడింది ఉత్త బల్లతో. యంత్రం అందులో లేదు. ఇది నేను కళ్ళతో చూశాను." చివరి మాట తనలో తను అనుకున్నట్టు అంది. "ఇలా ప్రతిసారీ బయటే ఉంటే నాకు పేచీ లేదు. కానీ మీరు అతికించేస్తామని రాశారు కదా?"

"రాశాను" అన్నాడు మొగుడు. మామగారు ఊయల వైపే చూస్తున్నారు.

అప్పుడు కంగారే మాట్లాడింది. మాట్లాడుతున్నానని తెలిస్తే ఆగిపోయేదేమో.

"పిల్ల పడుకుంది అంటే ఎవరూ నమ్మరండీ. మా అత్తయ్యే నమ్మరు. నేను పడుకోబెట్టి బయటికొచ్చి చెబుతానా, మళ్ళీ వచ్చి తొంగిచూసి వెళతారు."

"నేనెప్పుడే?" అంది అత్తగారు.

"రోజూ అత్తయ్యా! అందుకని, చెప్పడం కాదు, కనబడాలి. బల్ల పక్కనే, పైన, చిన్న ఊయలలాంటిది చెక్కితే? సైటుకి కలపాలంటే చిన్నోణ్ణి తీసి అందులో పెట్టాలి. పెడితేనే కలవాలి. ఆడేవాళ్ళకీ చూసేవాళ్ళకీ కళ్ళెదురుగా ఉంటాడు."

మొగుడు పెళ్ళాం వైపు చూసి, ఆ తర్వాత పైకప్పు వైపు చూశాడు. అతనికి లోపల తీగలు కదులుతున్నాయని ఆమెకి తెలుసు. "అర ఖాళీ అయితేనే సైటు తీగకి కరెంటు వెళ్ళేలా చెయ్యొచ్చు" అన్నాడు. "తేలిక. అతికించడం కంటే తేలిక."

"మెడ దగ్గర అట్ట తియ్యండి" అంది కంగారు.

సైటావిడ ముందుగదిలోకి వచ్చి, చిన్నోణ్ణి అరలో పెట్టించుకుని, బుడ్డిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆట ఆడింది. చిన్నోడు మామూలుగానే గుర్రాన్ని కాపాడుకోవడానికి మంత్రిని వదిలేశాడు. ఆవిడ నవ్వుతూ మంత్రిని తీసుకుని, ఆ నవ్వులో చూసుకోక, కాపాడిన ఆ గుర్రం చేతిలోనే ఆట కట్టించుకుంది.

"ఇంకోటి ఆడదామా?" అంది.

మామగారు మురిసిపోయి దగ్గారు.

వెళ్ళేముందు ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పోటీలకి ఇది కుదరదు, అడగొద్దు. సరదా ఆటలకి మాత్రం, ఊయల పెట్టిన నమూనా ఒకటి పంపితే, మా సైటుతో పనిచేస్తుంది అని ముద్ర వేసుకోవడానికి ఒప్పిస్తాను. పెద్ద పరుగేమీ ఉండదు, ఫోను వదిలి దీన్ని కొనేవాళ్ళు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమంది ఉన్నారు, నేనూ ఒకత్తిని.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో అత్తగారు అడిగింది. "ఏరా, రైలు ఆగినట్టేనా?"

"ఆగిందమ్మా. ప్యాసింజరే, కానీ ఆగింది."

ఆ సాయంత్రమే అతను చార్జర్ల కంపెనీకి రానని చెప్పేశాడు. మామగారికి ఆ ఉద్యోగం సంగతి ఎప్పటికీ తెలియలేదు. మర్నాడు కూడా పొద్దున్నే లేచి, స్నానం చేసి, జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ముందుగదిలోకి నడిచారు.

చెక్క ఊయల మామగారే చెక్కారు, లోపల దూది బదులు పసుపుపచ్చ గుడ్డ అతికించింది కంగారు. ఇంక ఒక్కటే మిగిలింది. సైటుకి కలిపేటప్పుడు పెట్టె ఒక మాట చెప్పాలి. మళ్ళీ కంగారునే కూర్చోబెట్టారు. ఈసారి భయపడలేదు గానీ, అప్పుడే నిద్రలోకి జారిన బుడ్డి ఆమె భుజం మీద ఉంది. గొంతు పెంచితే లేస్తుంది. అందుకని గుసగుసగా అంది. మళ్ళీ తీరిగ్గా రికార్డు చేద్దామనుకున్నారు, ఆ తీరిక రాలేదు.

ముద్ర వేసిన కొత్త పెట్టెలు తీసుకెళ్ళడానికి దుకాణం బాబాయ్ వచ్చాడు. ఒకటి బల్ల మీద పెట్టి, ఫోనుకి కలపబోయాడు. పెట్టె ఏదో అంది. బాబాయ్ చెవి దగ్గరగా పెట్టాడు.

"చిన్నోణ్ణి పడుకోబెట్టండి" అంటోంది పెట్టె, వినబడీ వినబడనట్టు.

"ఇదేంటమ్మాయ్, ఇంత మెల్లగా ఉంది? దుకాణంలో ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? కాస్త గట్టిగా చెప్పొచ్చు కదా!"

"గట్టిగా అంటే లేస్తాడు కదా బాబాయ్" అంది కంగారు.

బాబాయ్ ఏదో అనబోయాడు. అంతలో బుడ్డి వచ్చి అతని మోకాలు పట్టుకుని, నోటి మీద వేలేసుకుంది. బాబాయ్ అటూ ఇటూ చూసి, చిన్నోణ్ణి అరలోంచి పైకి లాగి, రెండు వేళ్ళతో, ఎంతో జాగ్రత్తగా, ఊయలలో పడుకోబెట్టాడు.